అద్దాల పెట్టె ఎందుకు చెయ్యలేదంటే

దసరా సెలవులు అయ్యాక మన క్లబ్ గ్రూపులో ఒక ఫొటో పెట్టాను, గుర్తుందా? నీలం రంగు రైలు పెట్టె. మూరంబావు పొడవు. వెనకాల అరటిచెట్టు, పక్కన మా మావయ్య రబ్బరు చెప్పు. అరగంటలో బోలెడు జవాబులు వచ్చాయి. సగం మంది లైకు కొట్టారు. మిగతా సగం మంది అడిగింది ఒకటే ప్రశ్న: "అరకు రైలంటే విస్టాడోమ్ కదా, పోయి పోయి జనరల్ బోగీ చేశావేంటి?"

గ్రూపులో పొడుగ్గా రాస్తే ఎవరూ చదవరు కాబట్టి అప్పుడు ఒక నవ్వు బొమ్మ పెట్టి ఊరుకున్నాను. అసలు జవాబు ఇప్పుడు రాస్తున్నాను. ఎడిటర్ గారు పేజీలిచ్చారు, నాకూ చెప్పాల్సింది ఉంది.

ముందుగా ఒక దిద్దుబాటు. మనమందరం పెట్టెని బోగీ అంటాం. మా మావయ్య దగ్గర ఆ మాట అంటే ఊరుకోడు. "బోగీ అంటే అడుగున నాలుగు చక్రాలుండే బండి అమ్మీ. ఒక పెట్టెకి రెండు బోగీలు. పైనున్నది పెట్టె. రేపు ఇంజనీరువి అవుతావు, మాట సరిగ్గా రాకపోతే ఎలాగే?" అంటాడు. ఆయన రైల్వేలో పెట్టెల రిపేరు ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళకి పైగా పెట్టెల కింద దూరి బతికిన మనిషి. ఇప్పుడు అరకు దగ్గర మా అమ్మ పుట్టింటి ఊళ్ళో పెరట్లో పట్టాలు పరుచుకుని కూర్చున్నాడు. అందుకే ఈ వ్యాసంలో నేనూ పెట్టె అనే అంటాను.

పెరటి రైలంటే పెద్ద ఏర్పాటు అనుకోకండి. ఇటూ అటూ రెండు అర్ధచంద్రాలు, వాటిని కలుపుతూ రెండేసి మీటర్ల నేరు పట్టాలు. మొత్తం చుట్టు పదమూడున్నర మీటర్లు. డ్రిల్ మిషను బ్యాటరీతో నడిచే ఇంజను ఒకటి. కాఫీ మొక్కల నీడలోంచి బయల్దేరి, నీళ్ళ తొట్టి వెనక నుంచి తిరిగి, పసుపు మడి పక్కగా వచ్చేస్తుంది. ఒక వైపు నేల కాస్త ఎత్తు. అక్కడ మావయ్య 60కి 1 చొప్పున ఎక్కుడు పెట్టాడు. అంటే 60 సెంటీమీటర్లు ముందుకి పోతే 1 సెంటీమీటరు పైకి. ఘాట్‌లో అసలు లైనుకి ఉన్న వాలు కూడా అదే. ఆ ఒక్క విషయంలో మా పెరడు, కొత్తవలస–కిరండూల్ లైను సమానం.

మిగతా ఏ కొలతా అంత సులువుగా కుదరలేదు.

మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ. డల్హౌసీ కాలంలో ఖాయమైన కొలత. ప్రపంచంలో ఎక్కువ దేశాలు వాడేది 1435 మి.మీ. మనది దానికన్నా 241 మి.మీ. వెడల్పు. తోట రైళ్ళకి ఎక్కువమంది వాడేది 45 మి.మీ. పట్టా. ఆ కొలత పాతదే అయినా, 1968లో నూరెంబర్గ్‌లోని లేమన్ కంపెనీ ఎల్‌జీబీ పేరుతో తోట రైళ్ళు అమ్మడం మొదలుపెట్టాక అది ఇళ్ళ తోటల్లోకి బాగా పాకింది. ఇప్పుడు భాగహారం చెయ్యండి. 1435ని 45తో భాగిస్తే సుమారు 32. మీటర్ గేజ్‌కి, అంటే 1000ని 45తో భాగిస్తే, 22 చిల్లర. అందుకే ఆ పట్టా మీద 1:32, 1:22.5 స్కేళ్ళలో బోలెడు మోడళ్ళు వస్తాయి. మరి మన 1676ని 45తో భాగిస్తే? 37.2. ఆ స్కేలులో పెట్టె కిట్టు నాకు ఏ కొట్లోనూ కనపడలేదు.

చాలామంది చేసే పని ఏంటంటే 1:32లో మన పెట్టె కట్టి, 45 మీద నిలబెట్టేస్తారు. నిలబడుతుంది. కానీ 1:32కి మన పట్టా 52 మి.మీ. పైన ఉండాలి. దాంతో పెట్టె ఇరుకు చెప్పులేసుకున్న లావుపాటి మనిషిలా ఉంటుంది. బల్ల మీద నడిచే హెచ్‌వో మోడళ్ళదీ ఇదే గొడవ. 1:87కి మన గేజ్ 19 మి.మీ. దాటాలి, పట్టా మాత్రం 16.5. అలా చేసేవాళ్ళని నేను తప్పు పట్టను, దొరికే సామానుతో వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? కానీ మావయ్య ఒప్పుకోలేదు. "కాళ్ళ మధ్య దూరం తప్పితే నడక తప్పుతుంది" అన్నాడు. కాబట్టి మాది 1:37.2. అందులో ప్రతి ముక్కా మేమే కొయ్యాలి.

ఐసీఎఫ్ పెట్టె పొడవు 21,337 మి.మీ. మా స్కేలులో 573. వెడల్పు 3,245, మాకు 87. ఇంతవరకూ కాల్‌క్యులేటర్ పని. కష్టం మలుపు దగ్గర మొదలైంది. అసలు ఘాట్‌లో 8 డిగ్రీల వంపులున్నాయి. 8 డిగ్రీలంటే సుమారు 219 మీటర్ల వ్యాసార్ధం. దాన్ని 37.2తో భాగిస్తే దాదాపు 5.9 మీటర్లు. అంటే పెరట్లో ఒక చుట్టు తిరగడానికే 12 మీటర్ల వెడల్పు కావాలి. మా అత్తయ్య పసుపు మడి, కోళ్ళగూడు, బావి అన్నీ అందులో కొట్టుకుపోతాయి. మాకు దొరికింది ఒకటిన్నర మీటర్ల వ్యాసార్ధం.

రెండు బోగీల మధ్య దూరం అసలు పెట్టెలో 14,783 మి.మీ., మాకు 397. ఇంత పొడుగు పెట్టె మలుపులో తిరిగితే నడుము లోపలివైపుకి జరుగుతుంది, కొసలు బయటికి పొడుచుకొస్తాయి. లెక్క మీకు తెలిసిందే. బోగీల మధ్య దూరం వర్గాన్ని, వ్యాసార్ధానికి 8 రెట్లతో భాగించాలి. మా మలుపులో నడుము 13 మి.మీ. జరుగుతుంది. అసలు ఘాట్‌లో జరిగేది దాదాపు 12 సెంటీమీటర్లు, అంటే మా స్కేలులో మూడున్నర మి.మీ. కూడా లేదు. మాది దానికి నాలుగు రెట్లు. దాంతో పక్కపక్క పెట్టెల బఫర్లు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుని, మొదటిసారి నడిపినప్పుడు రెండు పెట్టెలూ కలిసి పసుపు మడిలో పడ్డాయి. చివరికి బఫర్లకి లోపల స్ప్రింగులు పెట్టి, లాగే కొక్కేన్ని పెట్టెకి కాకుండా బోగీకి తగిలించాం. దగ్గర్నుంచి చూస్తే అది అసలు పెట్టెలో లేని ఏర్పాటు. మావయ్యకి ఇప్పటికీ అది గుచ్చుకుంటూనే ఉంటుంది.

సామాను సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీలో ఎవరైనా చేస్తే నేను చేసిన తప్పులు చెయ్యకూడదు. మొదటి పెట్టె ఎండీఎఫ్‌తో చేశాను. లేజర్‌తో అందంగా తెగింది. జూలైలో అరకు వాన మీకు తెలుసు కదా, వారం రోజుల్లో గోడలు పూరీల్లా పొంగాయి. రెండోది లాబ్‌లో పీఎల్‌ఏతో ప్రింట్ చేశాను. అరకులో అది బాగానే ఉండేదేమో. కానీ కొండెక్కే ముందు విశాఖలో ఎండలో నిలబెట్టిన కారులో మూడు గంటలు ఉంచాను. పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుందని మెటీరియల్స్ పరీక్షలో రాసిన మనిషినే నేను. పెట్టె నడుం వంగిపోయింది. మూడోదానికి 2 మి.మీ. ఏబీఎస్ షీటు వాడాం, బోగీ పక్కలు కూడా ఏబీఎస్‌లోనే ప్రింట్ చేశాం. ఎండకి ఏబీఎస్ కూడా పెళుసుబారుతుంది కాబట్టి రంగు మందంగా వెయ్యాలి. చక్రాలు ఇనుమువి, లేత్ మీద తిప్పించాం. పెట్టె తేలికైతే పట్టా తప్పుతుందని అడుగున ఇనప పట్టీలు అతికించాం.

ఇక నగిషీ పని. కిటికీలకి అడ్డంగా ఊచలు, సన్నటి జీఐ తీగతో. ఒక్క కిటికీకి ఊచలుండవు, అది ప్రమాదంలో బయటపడే దారి, దానికి ఎర్ర రంగు. పైకప్పు మీద వరసగా గాలి గొట్టాలు. అడుగున బ్యాటరీల డబ్బా, ఆల్టర్నేటరు, దాన్ని ఇరుసుకి కలిపే బెల్టులు. మరుగుదొడ్డి కింద బయో ట్యాంకు. కొసగోడ మీద మళ్ళీ ఎప్పుడు వర్క్‌షాపుకి రావాలో రాసే తేదీ. మా పెట్టె మీద ఆ తేదీ మావయ్య రిటైరైన రోజు. కూర్చునే చోట్లు 90 అని లోపల చిన్న అక్షరాలు. వీటిలో సగం సంగతులు నేను ఇన్నేళ్ళు ఆ రైలెక్కి కూడా చూడలేదు. మాది శృంగవరపుకోట. అమ్మమ్మ ఇంటికి ప్రతి సెలవులకీ కిరండూల్ ప్యాసింజర్లోనే వెళ్ళేదాన్ని. బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, అరకు. స్టేషన్ల పేర్లు పాటలా వచ్చు. సొరంగం రాగానే కేకలు పెట్టడం వచ్చు. కానీ నా ముందున్న కిటికీకి ఊచలెన్నో తెలీదు. మావయ్య అడిగితే నోరు తెరిచాను. తర్వాతి ప్రయాణంలో లెక్కపెట్టాను.

పెట్టె పూర్తయిందని అనుకున్న రోజు సాయంత్రం పక్కింటి పిన్ని వచ్చింది. పిన్ని అడ్డాకులు కుట్టి, కొండచీపుర్లు కట్టి, ఆ రైల్లోనే దిగువకి తీసుకెళ్ళి అమ్ముతుంది. నడుం మీద చెయ్యేసుకుని వంగి చూసింది. "ఓలమ్మా, అచ్చం మన బండే!" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత గుమ్మంలోంచి లోపలికి తొంగి చూసి, "మరి బుట్టలెక్కడెట్టుకుంటామే? గుమ్మం కాడ ఇంత శుభ్రంగా ఉంటాదేటి?" అంది.

నేను పెట్టెని లోపల ఖాళీగా వదిలేశాను. సీట్లు పెట్టాను, సామాన్ల అరలు పెట్టాను, ఊచలు లెక్కపెట్టి మరీ పెట్టాను. మనుషుల్ని పెట్టలేదు. పిన్ని చెప్పుకుంటూ పోయింది. గుమ్మం పక్కన చేతులు కడుక్కునే చోట చీపురు కట్టలు నిలువుగా నిలబెడతారట. అడ్డాకుల మూటలు బరువుండవు కాబట్టి పై అరలో. అల్లం, పసుపు బస్తాలు సీటు కింద, లేకపోతే నడవలో, వాటి మీదే కూర్చుంటారు. పనసకాయలు మాత్రం గుమ్మం దగ్గరే, దిగేటప్పుడు తేలికని. కోడిని కాళ్ళు కట్టి బుట్టలో పెడతారు, బుట్టని కిటికీ పక్కన ఉంచుతారు, గాలి తగలాలని. పసిపిల్ల ఉంటే సీటుకీ అరకీ మధ్య చీర కట్టి ఉయ్యాల వేస్తారు. బండి అరకులో ఆగేది కాసేపే, అందుకని ఇద్దరు కింద నిలబడి మూటలు కిటికీలోంచి అందిస్తే, పైనున్నవాళ్ళు అందుకుంటారు. "ఊచలున్న కిటికీలోంచి రావు కదా, ఎర్ర కిటికీలోంచే" అంది.

ఆ మాట విన్నప్పుడు మావయ్య మొహం చూడాల్సింది. ముప్పై ఏళ్ళకి పైగా ఆ కిటికీ గొళ్ళెం బాగుచేసిన మనిషి. అది ప్రాణాపాయంలో వాడేదని ఆయన లెక్క. రోజూ దాంతో ఏం పని జరుగుతుందో ఆయనకీ తెలీదు.

విస్టాడోమ్ ఎందుకు చెయ్యలేదు అని అడిగారు కదా, నా జవాబు ఇక్కడ మొదలవుతుంది.

ముందు విస్టాడోమ్‌కి దక్కాల్సిన మాట దక్కాలి. 2017 ఏప్రిల్‌లో మన విశాఖ–అరకు దారిలోకి వచ్చిన ఆ పెట్టె చెన్నైలోని ఐసీఎఫ్‌లో తయారైంది. పైకప్పులో అద్దాలు, చుట్టూ తిరిగే కుర్చీలు 40. ఆ కొండల్ని అలా చూడాలని ఎవరికుండదు? నేనూ ఒకసారి ఎక్కాను, నోరు తెరుచుకునే కూర్చున్నాను. టూరిస్టులొస్తే మా ఊళ్ళో కాఫీ అమ్ముడవుతుంది, బొంగులో చికెన్ అమ్ముడవుతుంది. అది వద్దనే పిచ్చి నాకు లేదు. మోడల్‌గా కూడా అది గట్టి సవాలే, వంపు తిరిగిన అద్దం మా పెరట్లో చెయ్యగలనో లేదో నాకే అనుమానం. పైగా నిజం ఒప్పుకోవాలి, నేను మొదట గీసుకున్న డ్రాయింగ్ విస్టాడోమ్‌దే. జనరల్ పెట్టె సులువని, చెయ్యి కుదరడానికి ముందు అది చేద్దామని మొదలుపెట్టాను.

నా ఫిర్యాదు విస్టాడోమ్ మీద కాదు, మన చూపు మీద. అరకు రైలు అనగానే మనకి ఒక్క పెట్టే గుర్తొస్తోంది. రీల్స్‌లో అదే, పోస్టర్లలో అదే, మన కాలేజీ ట్రిప్ ఫొటోల్లో అదే. అద్దాల పెట్టెలో కూర్చుంటే చూపంతా బయటికే ఉంటుంది, కొండలు, జలపాతాలు, పసుప్పచ్చటి వలిసె పూల చేలు. ఆ చేను కోసినవాళ్ళు అదే రైల్లో, కొన్ని పెట్టెల అవతల, గుమ్మం దగ్గర మూట మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళని చూడ్డానికి ఏ అద్దమూ లేదు.

ఈ లైను పుట్టుక కూడా గుర్తుచేసుకుందాం. బైలదిల్లా ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడం కోసం 1960లలో దండకారణ్య–బొలంగీర్–కిరిబురు ప్రాజెక్టు కింద వేసిన లైను ఇది. దాదాపు 445 కిలోమీటర్లు, 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు. 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను. అంత కొండ తవ్వింది మా అమ్మమ్మ సంతకి వెళ్ళడానికి కాదు, ఖనిజం కోసం. ఇప్పటికీ ఆ లైను మీద ఖనిజం బళ్ళదే రాజ్యం, మనుషుల బళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. ఆ కొద్ది బళ్ళలో కొన్ని జనరల్ పెట్టెలు. తమ కోసం వెయ్యని లైనుని కొండమీది జనం ఆ పెట్టెల ద్వారానే తమది చేసుకున్నారు. మా అమ్మ ఇంటర్ చదవడానికి కిందికి దిగింది అందులోనే. అమ్మమ్మని కేజీహెచ్‌కి తీసుకెళ్ళింది అందులోనే. ఖనిజం ఎన్ని టన్నులు దిగిందో రైల్వే దగ్గర లెక్క ఉంటుంది. పెట్టెలో అడ్డాకుల మూట ఎక్కడ పెట్టేవారో ఎవరి దగ్గరుంది? పిన్ని దగ్గరుంది. ఇప్పుడు నా పెట్టెలో ఉంది.

తొందర ఎందుకంటారా? ఆ పెట్టె వెళ్ళిపోతోంది కాబట్టి. ఐసీఎఫ్ 1955లో మొదలైంది, ఆ పాత రకం పెట్టెల తయారీ 2018 జనవరిలో ఆపేసింది. ఇప్పుడొచ్చేవన్నీ జర్మన్ డిజైన్ ఎల్‌హెచ్‌బీలు. గుద్దుకున్నా ఒకదాని మీదకి ఒకటి ఎక్కవు, ఎక్కువ వేగానికి తట్టుకుంటాయి. మంచివే, రావాల్సిందే. ఒక పెట్టెకి లెక్క ప్రకారం ఆయుష్షు 25 ఏళ్ళు. అంటే మనం మన పిల్లలకి లెక్కలు చెప్పే వయసొచ్చేసరికి నీలం పెట్టె పట్టాల మీద ఉండదు. మ్యూజియంలో పెడితే ఇంజన్లు పెడతారు, మహారాజుల సెలూన్లు పెడతారు. జనరల్ పెట్టెని, అందులోనూ బుట్టలతో సహా, పెట్టే మ్యూజియం ఉంటుందని నాకు నమ్మకం లేదు.

"ఫొటోలు, వీడియోలు ఉన్నాయి కదా, మోడల్ ఎందుకు?" అని మన క్లబ్‌లోనే ఒకరడిగారు. మంచి ప్రశ్నే. ఫొటో తియ్యడానికి అర సెకను చాలు, చూడకుండా కూడా తియ్యచ్చు. నా ఫోనులో ఆ రైలు ఫొటోలు వందలున్నాయి, అయినా ఊచలెన్నో నాకు తెలీలేదు కదా. కిటికీ ఒక్కొక్కటీ కోసి, ఊచ ఒక్కొక్కటీ దూర్చి, రంగు వేసేటప్పుడు ప్రతిదానికీ "ఇది ఇక్కడెందుకుంది, ఎవరికి పనికొస్తుంది" అని అడగాల్సొస్తుంది. అడిగితే చెప్పేవాళ్ళు వస్తారు. ఈ ఒక్క పెట్టె వల్ల పిన్నితో నేను గడిపినంత సేపు అంతకు ముందు పదేళ్ళలో గడపలేదు.

ఒక టెక్ ఫెస్ట్‌కి ఈ పెట్టెని తీసుకెళ్ళాను. జడ్జిగా వచ్చిన ఒకాయన చుట్టూ తిరిగి చూసి, "బొమ్మ బాగుందమ్మా, ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ ఏంటి?" అన్నారు. నా పక్క టేబులు మీద డ్రోన్ ఉంది, దానికి ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ ఉంది. అప్పుడు నాకు జవాబు తోచలేదు, "ఏం లేదు సార్" అనేసి వచ్చాను. హాస్టల్‌కి వచ్చి ఏడ్చాను కూడా. ఇప్పుడైతే చెప్తాను. ఎల్‌హెచ్‌బీ జనరల్ పెట్టె అయినా, రేపు రాబోయే ఇంకో పెట్టె అయినా, డిజైన్ చేసేది మనలాంటివాళ్ళే. అడ్డాకుల మూట ఎక్కడ పెట్టాలో, బస్తా ఎలా ఎక్కించాలో, కోడి బుట్టకి గాలెక్కడ తగలాలో డ్రాయింగ్‌లో లేకపోతే, అది ఉన్నట్టు మనకి తెలీకపోతే, ఎర్ర కిటికీని సామాన్లకి వాడే రోజులు అలాగే కొనసాగుతాయి. ప్రమాదం జరిగిన రోజున ఆ కిటికీకి అడ్డంగా బస్తా ఉంటుంది. ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ ఇదే సార్.

చివరిగా రెండు ప్రతిపాదనలు. ఊరికే బాధపడి వదిలేస్తే ఇది ఒపీనియన్ అనిపించుకోదు.

మొదటిది మన మెకానికల్ డిపార్ట్‌మెంట్‌కి. మినీ ప్రాజెక్టుల్లో ఏటా అవే గేరు బాక్సులు, అవే సోలార్ కార్లు కదా. ఒక బ్యాచ్‌కి ఒక జనరల్ పెట్టె ఇవ్వండి. అనుమతి తీసుకుని యార్డులో కొలవాలి, కనీసం నాలుగుసార్లు అందులో ప్రయాణం చెయ్యాలి, ఎవరు ఏ సామాను ఎక్కడ పెడుతున్నారో గీయాలి, తర్వాత 1:37.2లో కట్టాలి. పైన రాసిన మలుపు లెక్క నాకు పుస్తకంలో ఎక్కలేదు, పెట్టె పసుపు మడిలో పడ్డాకే ఎక్కింది.

రెండోది అరకు వాళ్ళకి. పద్మాపురం గార్డెన్స్‌లో టాయ్ ట్రైన్ ఉంది, మీలో చాలామంది ఎక్కే ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైనికులకి కూరగాయలు పండించడానికి మొదలైన తోట అది. అందులో పిల్లలు ఎక్కే రైలు పార్కు రైలులాగే ఉంటుంది, ఎక్కడి పార్కుకైనా సరిపోతుంది. ఆ తోటలోనే ఒక మూల చిన్న పట్టా వేసి, మన కొండెక్కే రైలునే బొమ్మగా తిప్పితే ఎలా ఉంటుంది? ముందు ఖనిజం వ్యాగన్లు, ఒక విస్టాడోమ్, రెండు నీలం జనరల్ పెట్టెలు. చూడ్డానికొచ్చిన పిల్లాడు అద్దాల పెట్టె వైపు వేలు చూపిస్తాడు, తప్పులేదు. మా ఊరి పిల్ల మాత్రం జనరల్ పెట్టె గుమ్మంలోకి తొంగి చూసి "అదిగో అమ్మమ్మ" అనాలి.

ఆ అమ్మమ్మ బొమ్మ ఇంకా పూర్తవలేదు. 1:37.2లో ఐదడుగుల మనిషి నాలుగు సెంటీమీటర్లు. మొహం నాకు రావడం లేదు. చీపురు కట్టలు మాత్రం కుదిరాయి, అసలు కొండచీపురు పుల్లల్నే చీల్చి, దారంతో కట్టి గుమ్మం పక్కన నిలబెట్టాం. పిన్ని చూసి కట్టు విప్పేసింది. "ఇలా కడితే దారిలో ఊడిపోతాదే" అని మళ్ళీ తనే కట్టింది.

సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ కొండెక్కుతున్నాను. నలుగురు కలిసి వస్తే జనరల్ పెట్టెలో నడవ, గుమ్మం, అరలు కొలిచి వద్దాం. టేపు నేను తెస్తాను. టికెట్టు మాత్రం జనరల్‌కే తియ్యండి.